రాతి బురదలో చిన్న బేరింగులు: అంచు పాలిష్ ట్రాలీ డైరీ

జనవరి, పండగ వెళ్లాక

ఒంగోలు నుంచి కర్నూలు రోడ్డులో చీమకుర్తి వైపు వెళ్తుంటే మా బాబాయి వాళ్ల గ్రానైట్ షెడ్డు వస్తుంది. స్లాబులు కోసే మెషిన్లు ఉన్నాయి గానీ అంచు పాలిష్ ఇప్పటికీ చేతిపనే. గాలితో నడిచే వెట్ పాలిషర్ పట్టుకుని, 3 మీటర్ల స్లాబు వెంబడి నడుం వంచి నడవాలి. ముతక గింజ ఉన్న 50 గ్రిట్ ప్యాడుతో మొదలుపెట్టి బాగా సన్న గింజ ఉన్న 3000 దాకా ప్యాడ్లు మారుస్తూ మళ్లీ మళ్లీ అదే దారి. సాయంత్రానికి కుర్రాళ్ల చేతులు వణుకుతుంటాయి, అంచేమో అలలు అలలుగా వస్తుంది.

పాలిషర్‌ను ట్రాలీకి బిగించి, ట్రాలీని పట్టా మీద నడపాలన్నది ఆలోచన. ఫ్రేము వెల్డింగ్ అయిపోయింది. ఇనప యాంగిల్‌ను బోర్లించి, కొన పైకి ఉండేలా పట్టాలు వేశాం. లాగడానికి లారీ వైపర్ మోటారు. ట్రాలీ బరువు మోసేవి పైన నాలుగు వీ గాడి చక్రాలు. పాలిషర్ రాయిని నొక్కినప్పుడు ట్రాలీ వెనక్కి తన్నకుండా కింద కాలువ పక్కన రెండు గైడు చక్రాలు. ఇక తేలాల్సింది ఆ చక్రాల్లో ఏ బేరింగు వేయాలన్నదే. ఫ్రేము మొత్తానికి పట్టిన టైము కన్నా దీనికే ఎక్కువ పట్టింది, అందుకే ఈ డైరీ నిండా ఇదే.

షెడ్డులో అంతకుముందు ఎవరో చేసిన తోపుడు బండి ఒకటుంది. దానికి స్కేటింగ్ బూట్లలో ఉండే 608 బేరింగులు వేశారు, రేకు మూతలవి, అంటే జెడ్‌జెడ్. ఒక చక్రం అసలు తిరగదు, రెండోది తిరిగితే గరగర. బాబాయి దాన్ని చూపించి, "నీ బండి కూడా ఇట్టనే అయిద్ది, ముందే చెప్తున్నా" అన్నాడు.

అదే వారం, కాగితం మీద

బరువు లెక్క చూశాను. ట్రాలీ, పాలిషర్, పైపులు, బరువు కోసం పెట్టిన ఇనప దిమ్మ, అన్నీ కలిపి ఒక్కో చక్రం మీద 15 కిలోలు, అంటే సుమారు 150 న్యూటన్లు. 608 బేరింగు డైనమిక్ రేటింగు, అంటే తిరుగుతూ మోసే లోడు లెక్క, 3,400 న్యూటన్ల దరిదాపు. రేటింగును బరువుతో భాగించి, వచ్చినదాన్ని ఘనం చేస్తే ఎన్ని మిలియన్ల చుట్లో వస్తుంది, అదీ ఎల్10 ఆయుష్షు, అంటే నూటికి తొంభై బేరింగులు దాటే ఆయుష్షు. ఇక్కడ 1,100 కోట్ల చుట్ల పైమాట. దానికన్నా పెద్ద బేరింగు 6201 వేస్తే పది వేల కోట్లు. చక్రం వ్యాసం 50 మి.మీ., కాబట్టి స్లాబు ఈ చివర నుంచి ఆ చివరకు పోవడానికి 19 చుట్లు చాలు. ఈ లెక్కన మా మనవళ్లు కూడా బేరింగు మార్చక్కర్లేదు.

అయినా తోపుడు బండి చక్రం బిగుసుకుపోయింది. ఆ సూత్రం లోహం అలసిపోయి పెచ్చు లేచే రోజు గురించి చెప్తుంది, లోపల శుభ్రంగా ఉందనుకుని చెప్తుంది. మా బేరింగు ఆ రోజు దాకా బతకదు. కాబట్టి కేటలాగులో లోడు గడి మూసేసి, మూత గురించి రాసిన పేజీ తెరిచాను.

వేగం మాత్రం మనకు కలిసొచ్చేది. ట్రాలీ నిమిషానికి 2 మీటర్లు నడుస్తుంది, చక్రం నిమిషానికి 13 చుట్లు. రబ్బరు సీలు రుద్దుకుని వేడెక్కుతుందనే భయం లేదు. గ్రీజు నిండా కూరినా చిలికి కాగిపోదు. వేగంగా తిరిగే స్పిండిల్‌కు పనికిరానివన్నీ ఇక్కడ పనికొస్తాయి.

జనవరి చివర, బురద సంగతి

షెడ్డులో పాలిష్ నీళ్లు చేరే గుంటలో అడుగున పేరుకున్నది ఒక డబ్బాలో, పైన తేలే బూడిదరంగు నీళ్లు ఒక డబ్బాలో తీసుకున్నాను. అడుగుది వేళ్ల మధ్య ఇసకలా తగిలింది. పైనీళ్లు తగల్లేదు, సబ్బు నీళ్లలా జారాయి. అసలు భయపడాల్సింది ఆ జారేదానికే. ముతక గింజ మూత దగ్గరే ఆగుతుంది, సన్నది నీళ్లతోపాటు లోపలికి పోతుంది. పైగా షెడ్డులో గుంట నీళ్లనే పంపుతో తిప్పి వాడతారు, కాబట్టి ట్రాలీ మీద పడేదంతా ఆ సన్న పిండే.

కొలతలు పక్కపక్కన పెట్టి చూస్తే: 608 లాంటి బేరింగులో గోళీకీ గాడికీ మధ్య మామూలు సందు 2 నుంచి 13 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). తిరిగేటప్పుడు ఏర్పడే నూనె పొర ఒక మైక్రాన్ లోపే. 3000 గ్రిట్ ప్యాడులోని గింజే 5 మైక్రాన్ల పైన ఉంటుంది. అంటే అంత సన్న గింజ కూడా నూనె పొర కన్నా లావే.

గట్టిదనం చూస్తే, చీమకుర్తి నల్లరాయి గెలాక్సీని వ్యాపారంలో గ్రానైట్ అంటాం గానీ భూగర్భశాస్త్రం దాన్ని గాబ్రో జాతిలో పెడుతుంది. అందులో క్వార్ట్జ్ తక్కువ, ఫెల్డ్‌స్పార్, పైరాక్సీన్ ఎక్కువ. ఆ బంగారు చుక్కలు బ్రాంజైట్ అనే ఖనిజానివి. మోస్ స్కేలు మీద ఫెల్డ్‌స్పార్ 6, క్వార్ట్జ్ 7. బేరింగు ఉక్కు ఆ దరిదాపుల్లోనే ఉంటుంది. గెలాక్సీ ఒక్కటే అయితే సరిసమానం అనుకోవచ్చు. కానీ షెడ్డుకు కరీంనగర్ ట్యాన్ బ్రౌన్ కూడా వస్తుంది, అందులో క్వార్ట్జ్ ఉంది. ప్యాడు అరిగేకొద్దీ రాలే వజ్రపు గింజల ముందు ఏ ఉక్కూ నిలబడదు. గట్టి బేరింగు కొని గెలుద్దామన్న ఆశ అక్కడితో వదిలేశాను.

నీళ్లు ఆపేసి పొడిగా చేస్తే బురద ఉండదుగా అని ఒక కుర్రాడు అడిగాడు. బురద ఉండదు, ఆ పొడంతా ఊపిరితిత్తుల్లో ఉంటుంది. నీళ్లు ఆగవు.

ఫిబ్రవరి, ఒంగోలు బేరింగు షాపులో

కౌంటర్ మీద నంబరు చెప్తే సరిపోదు, వెనకున్న అక్షరాలే మన పని. జెడ్‌జెడ్ అంటే రేకు మూత. అది లోపలి రింగును తాకదు, సన్న సందు వదిలేస్తుంది. గోడ రాలిన పెచ్చును, డ్రిల్లు పొట్టును ఆపుతుంది, నీళ్లలో కలిసిన పిండిని ఆపదు. రబ్బరు మూతల్లో రెండు రకాలు. తాకేవి: ఎస్‌కేఎఫ్‌లో 2ఆర్‌ఎస్‌హెచ్, ఎన్‌ఎస్‌కేలో డీడీయూ, ఎన్‌టీఎన్‌లో ఎల్‌ఎల్‌యూ. తాకనివి: ఎస్‌కేఎఫ్‌లో 2ఆర్‌జెడ్, ఎన్‌ఎస్‌కేలో వీవీ, ఎన్‌టీఎన్‌లో ఎల్‌ఎల్‌బీ. ఈ రెండో రకం మోటార్ల కోసం, తేలిగ్గా తిరగాలని చేసింది. బయటినుంచి చూస్తే రెండూ నల్ల రబ్బరే. "రబ్బరు మూతది ఇవ్వన్నా" అంటే ఏది చేతికొస్తే అది ఇస్తారు. రింగును వేళ్లతో తిప్పితే తేడా తెలుస్తుంది: గాలికి తిరిగినట్టు తిరిగితే తాకనిది, కొంచెం బరువుగా, ఎక్కడ వదిలితే అక్కడ ఆగితే తాకేది. మనకు ఆగేదే కావాలి. కొనేవాళ్లందరూ తిప్పి చూసి గిర్రున తిరిగిందే మంచిదనుకుంటారు, మురికి పనికి సరిగ్గా అదే వద్దు.

షాపాయన స్టెయిన్‌లెస్ చూపించాడు. "నీళ్లల్లో పని అంటున్నావు గదా తమ్ముడూ, తుప్పు పట్టదు." నిజమే, తుప్పు పట్టదు. కానీ స్టెయిన్‌లెస్ బేరింగు ఉక్కు మామూలు దానికన్నా కాస్త మెత్తన, లోడు రేటింగూ తక్కువ. మా బేరింగును తినేది తుప్పు కన్నా ముందు రాయి. ఎబెక్ 7 అని రాసిన 608లు కూడా పెట్టాడు. ఎబెక్ నంబరు చెప్పేది తయారీ కొలతల ఖచ్చితత్వం ఒక్కటే, మూత గురించి ఒక్క ముక్క చెప్పదు. సీ3 తీసుకోమని పక్కన నిలబడ్డ మెకానిక్ సలహా. సీ3 అంటే లోపల సందు ఎక్కువ, వేడెక్కే చోట, బిగుతుగా దిగ్గొట్టే చోట కావాలి. నిమిషానికి 13 చుట్లకు దాంతో పనిలేదు.

చివరికి 608 వద్దనుకుని 6201 తీసుకున్నాను. 12 లోపల, 32 బయట, 10 మందం. బరువు కోసం కాదు. 608 మందం 7 మి.మీ. మాత్రమే, అందులో సీలుకూ గ్రీజుకూ చోటు తక్కువ. 6201 ఇటు గ్రైండర్లలో, అటు బండ్లలో వాడతారు కాబట్టి ఏ ఊళ్లోనైనా దొరుకుతుంది, ధరలో పెద్ద తేడా లేదు. బిల్లు తీసుకున్నాను, నకిలీ పెట్టెలు బజార్లో తక్కువేం లేవు.

ఫిబ్రవరి నడుమ, టబ్బు పరీక్ష

పాత వైపర్ మోటారుకు పొడవాటి షాఫ్టు కట్టి, దాని మీద చక్రాలు ఎక్కించి, సగం దాకా గుంట బురదలో మునిగేలా ప్లాస్టిక్ టబ్బులో వేలాడదీశాను. ఒకదాంట్లో రేకు మూత, ఒకదాంట్లో తాకని రబ్బరు, ఒకదాంట్లో తాకే రబ్బరు, ఇంకోదాంట్లో మూత ఎత్తి గ్రీజు నిండా కూరిన తాకే రబ్బరు. పగలంతా తిరగడం, రాత్రి ఆపేయడం, షెడ్డు టైములే. బురద పేరుకుంటే కలియబెట్టడానికి ఒక కుర్రాడికి గరిటె ఇచ్చాం.

రేకు మూత ముందే పోతుందనుకున్నాం, పోయింది. తాకని రబ్బరు దాని వెనకే. తాకే రబ్బరు రెండూ నిలబడ్డాయి, కానీ గ్రీజు కూరనిది కొన్నాళ్లకు ఉదయంపూట మొదటి చుట్టులో పట్టేయడం మొదలుపెట్టింది.

ఎందుకు ఉదయం? పగలు ఎండ తగిలి బేరింగు లోపలి గాలి వెచ్చబడి ఉంటుంది. రాత్రి టబ్బు నీళ్లతోపాటు అదీ చల్లారుతుంది. లోపల గాలి ముడుచుకుని పీల్చుకుంటుంది, సీలు పెదవి పక్కనుంచి నీళ్లు లోపలికి పోతాయి. గ్రీజు నిండా ఉన్నదాంట్లో గాలే లేదు, పీల్చుకోవడానికి ఏమీ లేదు. కంపెనీ నుంచి వచ్చే బేరింగులో ఖాళీలో మూడో వంతు దరిదాపు మాత్రమే గ్రీజు ఉంటుంది, వేగంగా తిరిగేవాటికి అదే సరైన పాళ్లు. మనకు కాదు.

రేకు మూతదాన్ని విప్పి ఎండలో పెట్టి చూశాను. గ్రీజు సిమెంటు రంగు ముద్దయింది, వేలికి అద్దుకుంటే పేస్టులా మెత్తగా ఉంది. గోళీల మీద అద్దపు మెరుపు పోయి, ఆవిరి పట్టిన గాజులా మసకబారాయి. గాడిలో ఎక్కడా పెచ్చు లేదు, గుంట లేదు, నడుమ ఒక పలచటి బూడిదరంగు పట్టీ అంతే. బయటి రింగు పట్టుకుని ఊపితే టకటకలాడింది. అలసిపోయి చచ్చిన బేరింగు ఇలా ఉండదు. దీన్ని లోపలినుంచి పాలిష్ పట్టేశారు, షెడ్డులో స్లాబుకు చేసేదే.

కూరినదాన్ని కూడా విప్పాను. సీలు పెదవి తాకే చోట లోపలి రింగు మీద దారమంత సన్న గీత మెరుస్తోంది. పెదవి అంచున కాస్త బూడిద రంగు, దాని వెనక గ్రీజు వేసినప్పటి రంగులోనే ఉంది. ఆ గీత లోతు పెరిగిన రోజున ఈ సీలూ ఓడిపోతుంది. అంటే బురద ఆ పెదవి దాకా కూడా రాకూడదు.

మార్చి, పై చక్రాలు

లేత్ మేస్త్రీతో కూర్చుని గీసిన చక్రం ఇది. చక్రం ఈఎన్8 ఉక్కు. మొదట నైలాన్ అనుకున్నాం గానీ, ఇక్కడ తిరిగేది బయటి రింగు, కాబట్టి అది చక్రంలో బిగుతుగా కూర్చోవాలి. నైలాన్‌లో ఆ బిగుతు కొన్నాళ్లకు వదులై రింగు తనంతట తాను జారుతుంది. లోపలి రింగు పిన్ను మీద చేత్తో దూరితే చాలు. బజారు బోల్టు ఒళ్లు 12 కన్నా సన్నగానే ఉంటుంది కాబట్టి పిన్ను లేత్ మీద చేయించాం.

చక్రానికి రెండు బేరింగులు, మధ్యలో లోపలి రింగుల మధ్య ఒక గొట్టం. ఆ గొట్టం పొడవు చక్రంలో బయటి రింగులు ఆనే మెట్టు పొడవుతో సరిసమానంగా ఉండాలి. పొట్టిదైతే నట్టు బిగించగానే లోపలి రింగులు దగ్గరికి లాగబడి గోళీలు గాడి పక్కకెక్కి నలుగుతాయి, బురదతో పనిలేకుండానే పోతాయి. మేస్త్రీ నాలుగు చక్రాల గొట్టాలూ ఒకే కడ్డీ నుంచి, ఒకే సెట్టింగులో కోశాడు.

అసలు పని రెండు పక్కల మూతల్లో ఉంది. బేరింగు ముఖానికి కొంచెం దూరంలో పిన్నుకు ఒక బిళ్ల, కదలకుండా. చక్రానికి పెదవిలాంటి అంచు, ఆ బిళ్ల చుట్టూ అర మిల్లీమీటరు సందుతో తిరుగుతుంది. బిళ్లకూ బేరింగు సీలుకూ మధ్య ఖాళీ నిండా గ్రీజు. పిన్ను చివర నిపుల్, పిన్నులో సన్న రంధ్రం ఆ ఖాళీలోకి తెరుచుకుంటుంది. పొద్దున్నే గ్రీజు గన్నుతో రెండు నొక్కులు నొక్కితే పాత గ్రీజు పట్టుకున్న బురదతో సహా అంచు సందులోంచి బయటికొస్తుంది. ఈ గ్రీజు బేరింగుకు కందెన కాదు, బురదకు మేత. బేరింగు గ్రీజు దాని సీళ్ల వెనక దానికే ఉంది. గన్ను ఒత్తిడి నేరుగా బేరింగులోకి పోతే సీలు ఊడొస్తుంది కాబట్టే రంధ్రం బయట ఖాళీలోకి పెట్టాం.

బేరింగులో ఏపీ3 లిథియం గ్రీజు కూరాం. బయట ఖాళీలోకి కాల్షియం రకం చాసిస్ గ్రీజు, అది నీళ్లకు అంత త్వరగా కరగదు, చవక కూడా. వేడి తట్టుకోదంటారు, ఇక్కడ వేడే లేదు.

వీ గాడి గురించి ఒక మాట. గాడి లోతున వ్యాసం తక్కువ, అంచున ఎక్కువ. చక్రం ఒక్కటే చుట్టు తిరిగినా అంచు ఎక్కువ దూరం పోవాలి. అందుకే తాకే చోట కొంచెం రుద్దుకుంటూ నడుస్తుంది, పట్టా మీది గింజల్ని పక్కకు తోస్తుంది. పట్టా అరుగుతుంది నిజమే, కానీ యాంగిల్ ముక్క మార్చడం ఎంత సేపు? బోర్లించిన యాంగిల్ కాబట్టి బురద రెండు పక్కలకూ జారిపోతుంది. ప్రతి చక్రం ముందు ఒక పాత బ్రష్షు ముక్క కట్టాం.

మార్చి చివర, కింది చక్రాలు

పైవాటికి చేసినదంతా కిందివాటికి చేసినా లాభం లేదు. అవి కాలువ పక్కన, రోజంతా బురదలోనే. బాబాయి గన్‌మెటల్ బుష్ వేసెయ్యమన్నాడు. "బోరు పంపుల్లో అదేగా." మేస్త్రీ ఒప్పుకోలేదు. మెత్తటి లోహంలో గింజ గుచ్చుకుని కూర్చుంటుంది, ఇక బుష్ అరగదు, పిన్ను అరుగుతుంది. ల్యాపింగ్ అంటే అదే: మెత్తటి పలకకు గింజలు పట్టించి గట్టిదాన్ని కోయడం.

అయితే బోరు పంపు మాటలోనే దారి దొరికింది. ఇసక బోర్లలో వాడే పంపుల్లో రబ్బరు బుష్‌కు నిలువు గాళ్లుంటాయి. గింజ షాఫ్టు కిందికొస్తే రబ్బరు లొంగి దాన్ని గాడిలోకి దొర్లిస్తుంది, నీళ్లు కడిగి పంపేస్తాయి. మూసేసి కాపాడటం కాదు, తెరిచి కడగడం.

కాబట్టి కింద బేరింగే లేదు. చక్రం మొత్తం యూహెచ్‌ఎండబ్ల్యూ ప్లాస్టిక్ దిమ్మ, మధ్య రంధ్రంలో ఆరు గాళ్లు. నైలాన్ నీళ్లు తాగి ఉబ్బుతుంది, రంధ్రం బిగుసుకుపోతుంది. యూహెచ్‌ఎండబ్ల్యూ దాదాపు నీళ్లు పీల్చదు. పిన్ను 16 మి.మీ. గట్టిపరిచిన క్రోమ్ కడ్డీ, లీనియర్ షాఫ్టని ముక్కలుగా అమ్మేది. సందు పావు మిల్లీమీటరు, బేరింగు కళ్లతో చూస్తే ఘోరం. పిన్ను మధ్యలోంచి సన్న ట్యూబుతో నీళ్లు, గుంట నీళ్లు కాదు, ట్యాంకు మంచినీళ్లు. ఈ ఒక్క షరతు కోసం వేరే పైపు లాగాల్సి వచ్చింది. గుంట నీళ్లు పెడితే కడుగుతున్నామనుకుంటూ ల్యాపింగ్ చేస్తున్నట్టే.

ఏప్రిల్

ట్రాలీ ఎక్కింది, రోజూ నడుస్తోంది. పై చక్రాల అంచుల చుట్టూ ప్రతి ఉదయం నల్ల గ్రీజు వలయం బయటికొస్తోంది, కుర్రాళ్లు గుడ్డతో తుడిచేస్తున్నారు. ఒక చక్రం విప్పి చూశాను: బిళ్ల వెనక బయటివైపు గ్రీజు బూడిద రంగు, బేరింగు సీలు పక్కన ఇంకా పసుపు. కింది చక్రాల సందు ఫీలర్ గేజితో కొలిచి గోడ మీద రాస్తున్నాం, ఇప్పటికైతే కదల్లేదు. అవి అరగవని కాదు, అరిగితే మార్చాల్సింది ఒక ప్లాస్టిక్ దిమ్మ.

ఒక తగువు మిగిలింది. సాయంత్రం షెడ్డు కడిగేటప్పుడు ప్రెషర్ గన్నుతో నేరుగా చక్రాల్నే కొడుతున్నారు. ఆ ధార ముందు ఏ సీలు పెదవీ నిలవదు. చెప్పి చూశాను, తలూపారు, మర్నాడు మళ్లీ అదే. చక్రాల మీద రేకు గొడుగులు వెల్డ్ చేయిస్తున్నాను, చెప్పడం కన్నా అదే తేలిక.

ఇక తర్వాతిది పాలిషర్‌ను పైకీ కిందికీ జరిపే స్క్రూ. ఇప్పుడది బట్టబయలుగా ఉంది, నట్టు ఇత్తడిది, అంటే పైన చెప్పిన ల్యాపింగ్ కథే అక్కడా మొదలైంది. దానికి మడతల రబ్బరు తొడుగు వేయాలా, లేక స్క్రూ తీసేసి చైనుతో లాగాలా అన్నది మేస్త్రీ, నేనూ ఇంకా తేల్చుకోలేదు. చైను వైపే మొగ్గుతున్నాం.